గ్రంథమునకు గుర్తులు పెట్టవలసినదెవరు? – ప్రాచ్యకళాశాలలు, హెచ్.టి.ఎం.ఎల్. ప్రథమాభ్యాసము

కోలాచల మల్లినాథసూరి రఘువంశమునకు రచించిన సంజీవినీవ్యాఖ్యలో ఏదేని ఒక పుటను తెరచి చూచినచో అందలి వాక్యములన్నియు ఒకే జాతికి చెందినవి కావని తెలియును. మొదట మూలశ్లోకము. పిదప వ్యాఖ్య. ఆ వ్యాఖ్యలో మూలమునుండి గ్రహించిన ప్రతీకపదము, దాని ప్రక్కనే పర్యాయపదము, సమాసమునకు విగ్రహవాక్యము, రూపసిద్ధికి పాణినీయసూత్రము, అర్థనిర్ణయమునకు అమరాది కోశప్రమాణము, అవసరమైనచోట పాఠాంతరసూచన. గురుముఖమున కావ్యపాఠము చెప్పుకొన్న విద్యార్థికి ఇవన్నియు వేర్వేరుగా గోచరించును. పూర్వపు ముద్రాపకులు మూలమును పెద్ద అక్షరములతోను, వ్యాఖ్యను చిన్న అక్షరములతోను కూర్చి ఈ భేదమును కొంతవరకు కంటికి చూపిరి. తక్కినదానిని పాఠకుని వ్యుత్పత్తికి విడిచిరి.

ఇదే పుటను అంతర్జాలమునందు నిలుపదలచినపుడు సాధారణముగా జరుగుచున్నదేమి? గ్రంథము టైపు చేయువాని చేతికి పోవును. ఆతడు తనకు తోచినట్లు కొన్ని పదములను బొద్దు అక్షరములుగను, కొన్నింటిని వాలు అక్షరములుగను మార్చును. సర్గశీర్షికకు బొద్దు, ప్రతీకమునకు బొద్దు, కోశకారుని పేరునకును బొద్దే. మూడు భిన్నవస్తువులు ఒక్క వేషమును ధరించును. పండితుడు ఒకమారు ప్రూపులు దిద్ది తన పని ముగిసినదనుకొనును. ఏది మూలము, ఏది వ్యాఖ్య, ఏది పరవాక్యము అను నిర్ణయము మాత్రము ఆ శాస్త్రము చదువనివాని చేతిలోనే ఉండిపోవును. ఈ స్థితి తొలగవలెనన్నచో వెబ్ పుటల నిర్మాణమునకు ఆధారమైన హెచ్.టి.ఎం.ఎల్. ప్రథమపాఠములను ప్రాచ్యకళాశాలల ఆచార్యులును, పరిశోధకులును స్వయముగా నేర్వవలెను. ఉద్యోగార్థమైన వృత్తివిద్యగా కాదు, గ్రంథపరిష్కరణమునకు అంగముగా నేర్వవలెను.

హెచ్.టి.ఎం.ఎల్. అనగా హైపర్‌టెక్స్ట్ మార్కప్ లాంగ్వేజ్. భాష యను పేరున్నను ఇది లెక్కలు కట్టించు ప్రోగ్రామింగు భాష కాదు. సాధారణమైన పాఠమునకు నడుమ నడుమ గుర్తులను చేర్చి ఆయా భాగముల స్వభావమును యంత్రమునకు తెలుపు పద్ధతి మాత్రమే. దీనికి పూర్వరూపము 1986లో అంతర్జాతీయ ప్రమాణముగా వెలువడిన ఎస్.జి.ఎం.ఎల్. జెనీవా సమీపమున ఉన్న సెర్న్ అను భౌతికశాస్త్ర పరిశోధనసంస్థలో పనిచేయుచుండిన టిమ్ బర్నర్స్-లీ, పరిశోధకుల పత్రములను ఒకదానితో ఒకటి అనుసంధించు ఏర్పాటును 1989లో ప్రతిపాదించెను. 1991లో వెలువడిన తొలి వివరణపత్రమునందలి గుర్తులు 18 మాత్రమే. 1993 ఏప్రిలు 30న సెర్న్ సంస్థ వెబ్ సాధనములను ఎల్లరును మూల్యము లేకుండ వాడుకొనునట్లు లోకమునకు విడిచిపెట్టెను. కావున ఈ పద్ధతి పుట్టినది వర్తకుల అంగడిలో కాదు, విద్వాంసుల పత్రవినిమయమునందు. విద్వాంసులే దీనిని పరాయివిద్యగా భావించుట వింత.

ఈ గుర్తులను ట్యాగులందురు. కోణాకారపు రెండు గుర్తుల నడుమ ఒక చిన్న పేరు వ్రాసినచో అది ప్రారంభపు ట్యాగు. అదే పేరునకు ముందు ఒక ఏటవాలు గీతను చేర్చినచో అది సమాప్తిని తెలుపు ట్యాగు. 'పి' అను ట్యాగు పరిచ్ఛేదమును, 'హెచ్1' మొదలు 'హెచ్6' వరకు గలవి ఆరు అంతస్తుల శీర్షికలను, 'బ్లాక్‌కోట్' అనునది ఇతరగ్రంథమునుండి ఉదాహరించిన భాగమును, 'సైట్' అనునది ఉదాహృతగ్రంథనామమును తెలుపును. 'ఏ' అనునది ఒక చోటినుండి మరియొక చోటికి దారి చూపు లంకె. శ్లోకపాదాంతమున పంక్తిని విరుచుటకు 'బి.ఆర్.' కలదు. దీనికి సమాప్తి ట్యాగు అక్కరలేదు. పుటను చదువువానికి ఈ ట్యాగులేవియు కనబడవు. వాని ఫలము మాత్రము కనబడును.

వ్యాకరణము చదివినవారికి ఈ మాట క్రొత్తది కాదు. ధాతుపాఠమునందు 'డుకృఞ్' అని ఉపదేశింపబడిన ధాతువు ప్రయోగమున 'కృ' అని మాత్రమే నిలుచును. 'డు', 'ఞ్' అనునవి ఇత్సంజ్ఞను పొంది లోపించును. లోపించినను వాని పని నిలుచును. ఞకారము ఇత్తగుట వలన ధాతువు ఉభయపదియై 'కరోతి', 'కురుతే' అను రెండు రూపములు సిద్ధించును. 'డు' ఇత్తగుట వలన 'కృత్రిమ' శబ్దమునకు మార్గమేర్పడును. ప్రయోగమున వినబడక, ప్రక్రియను నడుపుటకే ఉపదేశమున చేర్చిన గుర్తు అను భావము పాఠశాల విద్యార్థికి లఘుకౌముదినాడే పట్టుబడును. అట్టివాడు ట్యాగును గ్రహించుటకు ఒక దినము చాలును. అట్లే పుట మొదట 'లాంగ్' అను గుణముతో భాష తెలుగు అని చెప్పినచో ఆ మాట లోపలి భాగములన్నింటికి అనువర్తించును. నడుమ ఒక శ్లోకమునకు మాత్రము సంస్కృతమని ప్రత్యేకముగా చెప్పినచో అక్కడ మొదటి మాట బాధింపబడును. ఉత్సర్గాపవాదములు తెలిసినవానికి ఇందు విప్పి చెప్పవలసినదేమి కలదు?

అయితే ఇక్కడ ఒక హెచ్చరిక అవసరము. పై పోలిక బోధనకు సౌకర్యము కొరకే కాని, ప్రాచీనులు కంప్యూటరును ముందే ఎరుగుదురని చాటుటకు కాదు. 1985లో రిక్ బ్రిగ్స్ సంస్కృతమునకును, కృత్రిమమేధకును గల సంబంధమును గూర్చి అమెరికాలోని ఏ.ఐ. మ్యాగజైన్ అను పత్రికలో ఒక వ్యాసము ప్రకటించెను. వైయాకరణుల శాబ్దబోధపద్ధతిని జ్ఞాననిరూపణపద్ధతులతో పోల్చిన పరిశీలనమది. దానిని చదువకయే, కంప్యూటరునకు సంస్కృతమే సర్వోత్తమభాష యని నాసా నిర్ణయించినదని సభలలో చెప్పుట అలవాటైనది. వేదికపై ఆ మాట చెప్పి చప్పట్లు పొందిన పండితుడు మరునాడు తన వ్యాఖ్యానమును ఒక్క పుటయైనను యంత్రమునకు బోధపడునట్లు సిద్ధము చేయలేనిచో ఆ ప్రశంస వలన శాస్త్రమునకు ఒరిగినదేమి? యోగ్యత ఉన్నదని చెప్పుకొనుట వేరు, ఆ యోగ్యతతో పని చేయుట వేరు.

నేర్వవలసిన మొదటి సూత్రము పొదుగుట. ఒక ట్యాగులోపల మరియొకటి తెరచినచో కడపట తెరచినదానిని మొదట మూయవలెను. తైత్తిరీయసంహితలో 7 కాండములు, వానిలో 44 ప్రశ్నములు, ప్రశ్నములలో అనువాకములు, అనువాకములలో పనసలు. పనస కాండమును దాటిపోదు. అనువాకము రెండు ప్రశ్నములలో సగము సగముగా ఉండదు. ఈ క్రమమునే 'హెచ్1', 'హెచ్2', 'హెచ్3' అను శీర్షికలతో తెలిపినచో యంత్రమునకును గ్రంథశరీరము తెలియును. అనువాకాంతమున పనసల ఆదిపదములను, లెక్కను చెప్పి పాఠమును కాపాడిన సంప్రదాయమునకు ఈ కట్టుదిట్టము భారము కానేరదు. పైగా బ్రౌజరు తప్పులను సహించు స్వభావము కలది. మూయవలసిన ట్యాగును మూయకున్నను ఏదో ఒక విధముగా పుటను చూపును. చూపినది గదా యని తృప్తిపడినచో దోషము లోపలనే దాగియుండును. దానిని పట్టుకొను పరీక్షాసాధనములు కలవు. అవి మూయని ట్యాగును పట్టుకొనును గాని, ప్రతీకమునకు కోశప్రమాణమని పేరు పెట్టినచో పట్టుకొనజాలవు. ఆ దోషమును పట్టుకొనగలవాడు శాస్త్రజ్ఞుడే.

రెండవ సూత్రము స్వభావమునకును, వేషమునకును గల భేదము. 1990 ప్రాంతపు దశకమున వెబ్ పుటలను నిర్మించినవారు అక్షరముల పరిమాణమును, రంగును ట్యాగులతోనే నిర్దేశించు అలవాటు చేసికొనిరి. 'ఫాంట్' అను ట్యాగు అందులకు పుట్టినది. పుట అందముగా కనబడెను గాని అందలి భాగముల అర్థము నశించెను. 1996 డిసెంబరులో సి.ఎస్.ఎస్. అను అలంకారనిర్దేశపద్ధతి ప్రమాణముగా వెలువడెను. 1997లో వచ్చిన హెచ్.టి.ఎం.ఎల్. 4వ రూపము 'ఫాంట్' వాడుకను నిరుత్సాహపరచెను. 2014లో ప్రమాణమైన 5వ రూపము దానిని పూర్తిగా త్రోసిపుచ్చెను. ఇప్పటి నియమమేమనగా, ట్యాగు వస్తుస్వభావమును చెప్పవలెను, దాని వేషమును సి.ఎస్.ఎస్. వేరుగా చెప్పవలెను. కోశప్రమాణమునకు 'క్లాస్' అను గుణముతో 'కోశము' అని పేరు పెట్టినచో నేడు దానిని ఎఱ్ఱని అక్షరములలో చూపవచ్చును, రేపు నల్లని అక్షరములలో చూపవచ్చును. అంతకన్న ముఖ్యముగా, ఆ వ్యాఖ్యాత ఏ కోశమును ఎన్నిమారులు ఉదాహరించెనో ఒక్క క్షణమున ఏరి చూపవచ్చును. బొద్దు అక్షరములు ఈ పని చేయలేవు. ఏండ్లతరబడి కార్డులపై వ్రాసికొని చేయవలసిన సూచికారచనను సరియైన గుర్తులు పెట్టిన గ్రంథము తనంత తానే ఇచ్చును. పరిశోధకునకు ఇంతకన్న ప్రయోజనమేమి కావలెను?

మూడవది అక్షరముల సంకేతము. తొలినాళ్ళలో తెలుగు వెబ్ పుటలు పెక్కు ఇంగ్లీషు అక్షరముల సంకేతములపై తెలుగు ఆకృతులను తొడిగిన ఫాంటులతో నిర్మింపబడినవి. ఆ ఫాంటు ఉన్న కంప్యూటరులో తెలుగు కనబడును. లేనిచో అర్థరహితమైన ఇంగ్లీషు అక్షరముల గుంపు కనబడును. ఆ ఫాంటులు వాడుకనుండి తొలగగానే అట్లు వ్రాసిన పాఠములు పెక్కు చదువుటకు వీలులేనివైనవి. తాళపత్రము చెదలు తిని పోవుటకు శతాబ్దములు పట్టినది. ఇవి పదిపదునైదు ఏండ్లలో పోయినవి. యూనికోడ్ ఈ ఆపదను తొలగించెను. అందు తెలుగునకు 128 స్థానముల విభాగము మొదటినుండియు కలదు. కాని తెలుగు లిపిలో సంస్కృతము వ్రాయుటకు అత్యవసరమైన అవగ్రహచిహ్నము ఆ విభాగమున చేరినది 2008లో మాత్రమే. వైదికస్వరచిహ్నములకు ప్రత్యేకవిభాగము 2009లో ఏర్పడెను. శాస్త్రగ్రంథములు వ్రాయువారు తమ అవసరమును సాంకేతికుల పరిభాషలో చెప్పగలిగినపుడే ఇట్టి లోపములు త్వరగా తీరును. చెప్పుటకు ఆ పరిభాష తెలియవలెను. పుట శిరోభాగమున యూటీఎఫ్-8 అను సంకేతపద్ధతిని ప్రకటించుట, సంస్కృతమునకు 'ఎస్‌ఏ', తెలుగునకు 'టీఈ' అను భాషాసూచికలను పెట్టుట, తెలుగు లిపిలోని సంస్కృతమునకు 'ఎస్‌ఏ' పిదప అడ్డగీతతో 'టీఈఎల్‌యూ' అని లిపిసూచికను చేర్చుట ప్రథమపాఠములలోనివే. అంధులకు పుటను చదివి వినిపించు సాధనములకు ఏ భాషోచ్చారణను గ్రహింపవలెనో తెలుపునది ఈ సూచికయే.

ఇక ఆక్షేపములు. సాంకేతికులుండగా పండితునికి ఈ శ్రమయేల అని కొందరందురు. 1854లో చెన్నపురిలో ముద్రణాలయమును స్థాపించిన వావిళ్ళ రామస్వామిశాస్త్రులు స్వయముగా పండితుడు. అచ్చు పని అచ్చువారిదని ఆయన ఊరకుండలేదు. తెలుగు లిపిలో వెలువడిన వావిళ్ళవారి సంస్కృతగ్రంథములు ప్రాచ్యకళాశాలలలో తరతరములుగా పాఠ్యపుస్తకములై నిలుచుటకు పండితుడు ముద్రణాలయమున అడుగుపెట్టుటయే కారణము. టైపు కూర్చుట ఆయన వృత్తి కాదు. అది ఎట్లు కూర్పబడునో తెలిసియుండుట ఆయన బాధ్యత. నేటి ఆచార్యుడు వెబ్ పుట విషయమున అంతమాత్రము చేసిన చాలును.

రెండవ ఆక్షేపము నేటిది. కృత్రిమమేధ ఒక్క ఆజ్ఞతో ట్యాగులను చేర్చి పుటను సిద్ధము చేయుచుండగా వానిని నేర్వవలసిన పనియేమి అని. ఆ సాధనములు ట్యాగులను శీఘ్రముగా చేర్చుననుట నిజము. అయితే వ్యాఖ్యలో కనబడు 'ఇతి' శబ్దము ఒకచోట కోశవాక్యమును ముగించును, ఒకచోట హేతువును తెలుపును, ఒకచోట అర్థవివరణమునకు చెందును, ఒకచోట పాఠాంతరమును సూచించును. యంత్రము వేనిని వేనిగా గ్రహించినదో పరిశీలింపవలసినవాడు పండితుడే. గుర్తులతో కూడిన పాఠమును చదువలేనివాడు దానిని దిద్దలేడు. సంథ చెప్పు గురువు శిష్యుని నోట వినబడిన ప్రతి స్వరమును గమనించినట్లు యంత్రము చెప్పిన వల్లెను కూడ వినగల చెవి ఉండవలెను. యంత్రము శిష్యస్థానమున ఉండుటకు అభ్యంతరము లేదు. గురుస్థానము ఖాళీగా ఉండరాదు.

మూడవది విషయసంబంధమైన ఆక్షేపము. హెచ్.టి.ఎం.ఎల్.లో పాఠాంతరమునకు గాని, ప్రతీకమునకు గాని ప్రత్యేకమైన ట్యాగు లేదు. ఇది యథార్థము. విమర్శాత్మకపరిష్కరణమునకు తగిన గుర్తులు 1987లో ఆరంభమైన టి.ఇ.ఐ. అను విద్వత్ప్రమాణములో కలవు. అందు స్వీకృతపాఠమును, భిన్నపాఠములను, అవి ఏ ప్రతిలో ఉన్నవో ఆ ప్రతినామమును వేర్వేరుగా చూపవచ్చును. జర్మనీలోని గొట్టింగెన్‌నుండి వెలువడు గ్రెటిల్ అను సంస్కృతగ్రంథసంచయము ఈ ప్రమాణమును అనుసరించుచున్నది. కాని దానికిని మూలసూత్రములు ఇవే: ప్రారంభము, సమాప్తి, పొదుగుట, గుణములు. శబ్దమంజరి రాకుండ కౌముదికి పోవుట ఎట్టిదో హెచ్.టి.ఎం.ఎల్. రాకుండ టి.ఇ.ఐ.కి పోవుట అట్టిదే.

చేయవలసిన పని అసాధ్యమైనది కాదు. సాధారణ కంప్యూటరులో నోట్‌ప్యాడ్ వంటి లేఖనసాధనము, ఒక బ్రౌజరు ఉన్న చాలును. అభ్యాసమునకు అంతర్జాలసంబంధము సైతము అక్కరలేదు. ఇరువది ట్యాగులు తెలిసిన ఒక వ్యాఖ్యానగ్రంథమునకు తగిన పుటను నిర్మింపవచ్చును. వారమునకు రెండు గంటల చొప్పున ఒక అర్ధసంవత్సరము దీనికి చాలును. పాఠములు కంప్యూటరు విభాగమువారు చెప్పినను అభ్యాసము మాత్రము కావ్యశాస్త్రములతోనే జరుగవలెను. మొదటి నెలలో ఒక స్తోత్రమునకు, రెండవ నెలలో ప్రతిపదార్థతాత్పర్యములతో కూడిన ఒక పద్యమునకు, పిదప వ్యాఖ్యాసహితమైన ఒక సర్గమునకు విద్యార్థి స్వహస్తముతో గుర్తులు పెట్టవలెను. మూల్యాంకనమున పుట యెంత అందముగా ఉన్నదని కాక, ప్రతి గుర్తును ఏల పెట్టెనో విద్యార్థి చెప్పగలిగెనా యని చూడవలెను. అట్లు చెప్పుటకు ఆతడు ఆ సర్గమును క్షుణ్ణముగా చదివియుండక తప్పదు. కావున ఈ అభ్యాసము పాఠమునకు పోటీ కాదు, పాఠమునకు పరీక్ష. పరిశోధకుడు పరిష్కృతగ్రంథమును సమర్పించునపుడు ముద్రితప్రతితో పాటు గుర్తులు పెట్టిన ప్రతిని కూడ సమర్పింపవలెనను నియమమును విశ్వవిద్యాలయములు ఏర్పరచుట ఉచితము.

కాలము మాత్రము ఎక్కువ లేదు. ఒక వ్యాఖ్యాపంక్తిని చూడగనే ఇది కోశవాక్యము, ఇది పూర్వపక్షము, ఇది లేఖకప్రమాదము అని వేరుచేసి చెప్పగల గురుకులవిద్వాంసులు వృద్ధులగుచున్నారు. వారి స్థానమును పూరించు విద్యార్థులు అనేక ప్రాచ్యకళాశాలలలో తగ్గుచున్నారు. పుటల ఛాయాచిత్రములు తీసి భద్రపరచుట వలన అక్షరము నిలుచును గాని ఆ వివేకము నిలువదు. ఆ వివేకమును గ్రంథముతో కూడ నిలుపు సాధనములలో నేడు అందరికి అందుబాటులో ఉన్నది ఈ గుర్తుల పద్ధతి. ఒక్కొక్క కళాశాల ఒక్కొక్క వృద్ధవిద్వాంసుని ప్రక్క ఒక్కొక్క విద్యార్థిని కూర్చుండబెట్టి, ఆయన చెప్పుచుండగా ఒక గ్రంథమునకైనను గుర్తులు పెట్టించినచో, ఆ విద్యార్థికి శాస్త్రమును, గ్రంథమునకు ఆయువును ఒక్క పనితో లభించును. రాబోవు విద్యాసంవత్సరముననే ఈ పనికి పూనుకొనుట కర్తవ్యము.